కుండపెంకులపై గీతలు: వాని అర్థ ప్రయోజన విచారము

తిరువళ్లూరునుండి తిరుత్తణికి పోవు మార్గమున కనకమ్మ సత్రమను గ్రామము కలదు. ఒకానొక కాలమున బాటసారులకు కూడును నీడయు నొసగిన ధర్మశాల యొకటి యచట నుండెననియు, దానిని ప్రజలొక యిల్లాలి పేరు మీద పిలుచుకొనిరనియు ఆ గ్రామనామమే తెలుపుచున్నది. పేరు మిగిలినది, ఆ పేరున కర్థము నేటికిని తెలుగువారికి బోధపడుచున్నది. భాష తెలిసినంతవఱకు గుర్తు మాటాడును. భాష తెలియనిచో గుర్తు గుర్తుగనే మిగిలిపోవును. ఈ వ్యాసమున విచారింపబడు విషయమిదియే.

ఆ మార్గమునకు చేరువనే కుశస్థలీ నది ప్రవహించుచున్నది. ఈ నదీ ప్రాంతమున మానవుడు సంచరించిన కాలము మిక్కిలి ప్రాచీనము. 1863లో రాబర్టు బ్రూస్ ఫుట్, విలియం కింగులు అత్తిరంపాక్కమున రాతిగొడ్డండ్లను కనుగొనిరి. ఆ పనిముట్లలో మిక్కిలి పురాతనమైనవి పదునైదు లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. అది వేఱొక కథ. ప్రస్తుత విషయమునకు కావలసినది అదే ప్రాంతమునందలి పట్టరైపెరుంబుదూరు. ఇచట 2015-16 ప్రాంతమున తమిళనాడు పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపిరి. రాతి పనిముట్లు, నలుపు ఎఱుపు వన్నెల కుండపెంకులు, కాల్చిన మట్టి ఒరలతో కట్టిన బావి, తమిళ బ్రాహ్మీ అక్షరములు గీయబడిన పెంకులు బయల్పడినవి. ఇట్టి తావులలో అక్షరములు గల పెంకులతో పాటు అక్షరములు కాని గీతలు గల పెంకులు కూడ దొరకుట దక్షిణదేశమంతటను చూడబడుచున్నది. త్రికోణము, నిచ్చెన, బాణము, నక్షత్రము, చేప, ఢమరుకము, వరుసగా నిలువు గీతలు, ఒకదాని నొకటి ఖండించు అడ్డగీతలు: ఇవి వాని సామాన్య రూపములు. ఒక పెంకుపై ఒక్క గుర్తే యుండును. కొన్నిటిపై రెండు మూడుండును. అంతకు మించినవి అరుదు.

ఈ గీతలేమి? ఇవి లిపియా? లిపి యైనచో ఏ భాషది? లిపి కానిచో ఎవరు, ఎందుకు గీసిరి? ఈ ప్రశ్నలు నేటివి కావు. ఇనుప యుగపు సమాధులను మన పల్లెప్రజలు రాక్షసి గుళ్ళనియు పాండవుల గుళ్ళనియు పిలుచుచుండిరి. ఆ సమాధులలోని పాత్రలపై నున్న గీతలను శాస్త్రదృష్టితో మొదట సేకరించిన వారిలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖాధ్యక్షుడైన గులాం యాజ్దానీ ముఖ్యుడు. భువనగిరి చేరువనున్న రాయగిరి, హైదరాబాదు ప్రక్కనున్న మౌలాలీ మొదలగు తావుల సమాధులలో దొరకిన పాత్రలను పరిశీలించి ఆయన 1917లో ఈ గుర్తుల పట్టిక నొకదానిని ప్రకటించెను. అందు కొన్ని గుర్తులు అశోకుని బ్రాహ్మీ అక్షరములను పోలియున్నవని కూడ చూపెను. అప్పటికి బ్రాహ్మీలిపి పడమటి దేశములనుండి వచ్చినదను అభిప్రాయము ప్రబలమై యుండెను. యాజ్దానీ పట్టికను చూచిన డి. ఆర్. భండార్కరు, భారతీయ లిపికి మూలము ఈ కుండలమీదనే యున్నదేమో యని వాదించెను. ఒక పెంకుపై నాలుగు గీతలు ఎంత పెద్ద వాదమునకు దారితీసెనో చూడుడు. తెలంగాణపు సమాధులనుండి లేచిన యీ చర్చ తెలుగువారిలో తగినంతగా ప్రచారము కాకపోవుట విచారకరము.

ఇచట ఐరోపా ఖండమునందలి రూను లిపి వృత్తాంతమును కొంచెము ప్రస్తావించుట యుక్తము. ఏలనన, గీతలకు అర్థము చెప్పుటలో మానవుడు చేయు పొరపాట్లన్నియు అచట ముందుగనే జరిగినవి. జర్మానిక్ జాతులవారు క్రీస్తుశకపు తొలి శతాబ్దులనుండి ఇరువదినాలుగు అక్షరముల లిపి నొకదానిని వాడిరి. దానికి రూను లిపి యని పేరు. ప్రాచీన గోథిక్ భాషలో ఆ మాటకు రహస్యమని యర్థము. పేరు రహస్యమగుటచే, ఆ లిపి మంత్రవాదులదనియు, ప్రతి యక్షరమునందును ఏదో దైవశక్తి నిక్షిప్తమై యున్నదనియు చిరకాలము పలువురు నమ్మిరి. అట్టి మాంత్రిక వినియోగము బొత్తిగా లేదని చెప్పరాదు. కాని 1955లో నార్వే దేశపు బెర్గెన్ రేవుపట్టణమున వర్తకుల వాడ అగ్నికి ఆహుతి కాగా, ఆ భూమిని త్రవ్వినపుడు రూను అక్షరములు చెక్కిన కొయ్యముక్కలు మొదలగునవి ఆఱువందలకు పైగా దొరకినవి. వానిలో అధిక భాగము మధ్యయుగపు నిత్యజీవితమునకు సంబంధించినవి. పెక్కింటిపై ఫలానా వాని సొత్తు అని మాత్రమే యున్నది. అవి సరకుల మూటలకు కట్టిన చీటీలు. ఒక ముక్కపై గ్యూడ అను స్త్రీ ఎవరినో ఇంటికి చేరుమని ఆజ్ఞాపించుచున్నది. మంత్రముల కొఱకు వెదకిన వారికి మూట చీటీలు లభించినవి! పండితులు నిరాశ చెందినట్లు కానరాదు. నిజము చెప్పవలెనన్న, మంత్రముకంటె మూట చీటీయే చరిత్రకారునకు విలువైనది.

మఱియొక సంగతి. మంగోలియా దేశమున ఓర్ఖోన్ నదీతీరమున ఎనిమిదవ శతాబ్దపు శిలాస్తంభములు 1889లో కానవచ్చినవి. వానిపై లిపి చూచుటకు రూను లిపివలె నుండుటచే దానికిని ఆ పేరే పెట్టిరి. 1893లో డేన్మార్కు పండితుడు విల్హెల్మ్ థామ్సెన్ దానిని చదివెను. చదివిన పిదప తేలిన దేమన, అది ప్రాచీన తురుష్క భాష. జర్మానిక్ రూనులతో దానికెట్టి చుట్టఱికమును లేదు. రెండు లిపులును కొయ్యమీదను రాతిమీదను గీయుటకు అనువైన ఋజురేఖలతో ఏర్పడుటచే కలిగిన పోలిక యది. థామ్సెను చదువగలుగుటకు కారణము ఆకారముల పోలిక కాదు. కుల్ తెగిన్ అను రాకుమారుని స్తంభముపై 732వ సంవత్సరపు చీనా శాసనము కూడ నుండెను, లేఖనము దీర్ఘమైనది, తురుష్క భాషా కుటుంబము తెలిసినది. ఈ మూడును కుదిరినవి కనుక తాళము తెఱచుకొన్నది.

సరిగా ఆ సంవత్సరములలోనే తెలుగుదేశమున ఇట్టి ఘట్టమే యొకటి నడచుచుండెను. 1892లో అలెగ్జాండరు రీ కృష్ణాతీరమునందలి భట్టిప్రోలు స్తూపమును త్రవ్వి, అందు రాతి కరండములను, స్ఫటికపు భరిణెను కనుగొనెను. కరండములపై చెక్కిన లిపి బ్రాహ్మియే కాని కొన్ని యక్షరములు వింతగా నుండెను. మకారము తలక్రిందుగా నున్నది. ఘ, జ, ల వంటి అక్షరముల రూపములు ఇతరత్ర కాననివి. అంతకంటె ముఖ్యమైన విశేషము వేఱొకటి. అశోకుని బ్రాహ్మిలో హల్లు నొంటరిగా వ్రాసినచో అందు అకారము చేరియే యుండును. భట్టిప్రోలులో అట్లు గాక, అకారమునకు ప్రత్యేకముగా నొక చిన్న గీత, ఆకారమునకు మఱొక రూపము కలవు. జార్జి బ్యూలరు ఈ మర్మమును ఛేదించి 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున శాసన పాఠమును ప్రకటించెను. ప్రాకృత భాష తెలిసినది. అక్షరములలో పెక్కు తెలిసినవి. తెలియనివానిని తెలిసినవాని నడుమ నిలిపి చదువ వీలయ్యెను. చదువగా తేలిన విషయము మహామంత్రము కాదు. కురుడను నతడును అతని తల్లిదండ్రులును బుద్ధధాతువుల నుంచుటకు పెట్టెను, స్ఫటికపు భరిణెను చేయించిరనియు, గోష్ఠులలోని సభ్యుల పేర్లు ఇవి యనియు, కుబిరకుడను రాజొకడు ఇందు పాలుగొనె ననియు నున్నది. దాతల జాబితా! క్రీస్తుపూర్వపు చందా పుస్తకమన్నను తప్పు లేదు.

అకారపు గీతకు ప్రయోజనమేమి? బ్యూలరు కాలమున దీనికి తృప్తికరమైన సమాధానము లేదు. తమిళ బ్రాహ్మీ శాసనములను జీవితాంతము పరిశోధించిన ఐరావతం మహదేవన్ ఈ ప్రశ్నకు వెలుగు చూపెను. ప్రాకృతమున పదములు అచ్చుతో ముగియును. కనుక అకారము గర్భితమైన అక్షరములతో ఆ భాషకు ఇబ్బంది లేదు. ద్రావిడ భాషలలో హల్లుతో ముగియు పదములు విస్తారము. వానిని వ్రాయవలసి వచ్చినప్పుడు పొల్లుహల్లును చూపుటకు మార్గము కావలెను. తొలి తమిళ బ్రాహ్మీ లేఖకులు ఒక విధముగను, భట్టిప్రోలు లేఖకులు ఇంకొక విధముగను ఈ చిక్కును విప్పుకొనిరి. తర్వాతి కాలమున తమిళులు పుళ్ళి యను చుక్కను కల్పించుకొనిరి. భట్టిప్రోలు శాసనముల భాష ప్రాకృతమే యైనను, లిపిని ఈ రీతిగా మలచిన చేతులు ద్రావిడ భాష వ్రాయ నలవడిన చేతులై యుండునన్న అనుమానమునకు ఇది తావిచ్చుచున్నది. ఈ గీతనే నేటి తెలుగు తలకట్టునకు తల్లిగా చెప్పువారును లేకపోలేదు. అది అంగీకరింప దగినది కాదు. భట్టిప్రోలునకు అంత దూరము కాని అమరావతిలోను, నాగార్జునకొండలోను తర్వాతి శతాబ్దుల శాసనములలో ఆ పద్ధతి కనబడదు. తలకట్టు పిదపి కాలపు లేఖనములందు అక్షరముల తలపై పెరిగిన గీతనుండి క్రమముగా రూపొందినది. మనది యను మమకారమున్నంత మాత్రమున నడుమనున్న వందల సంవత్సరములను దాటి ముడివేయుట తగదు.

భట్టిప్రోలు లేఖనములు లిపి. కుండలపై గీతలకు ఆ గౌరవము చెల్లునా యన్నది ప్రశ్న. 1960లో బి. బి. లాలు ఏన్షియెంట్ ఇండియా పత్రికలో నొక సుదీర్ఘ వ్యాసము ప్రకటించి, ఇనుప యుగపు సమాధుల పాత్రలపై గల గుర్తులలో నూటికి 89 వంతులు అంతకు ముందటి తామ్ర శిలాయుగమునను హరప్పా నాగరకతయందును కానవచ్చుచున్నవని లెక్క చూపెను. ఆ లెక్కకు చెంగల్పట్టు ప్రాంతమునందలి సానూరు వంటి త్రవ్వకములు చాల సామగ్రి నొసగినవి. తరువాత అఱువదియైదు సంవత్సరములకు, సింధు నాగరకతా ప్రకటనమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున, 2025 జనవరిలో తమిళనాడు పురావస్తు శాఖవారు కె. రాజన్, ఆర్. శివానందంల పరిశోధనను వెలువరించిరి. 140 తావులనుండి పదునైదు వేలకు పైబడిన పెంకులను పరిశీలించి, గుర్తులలో నూటికి సుమారు 90 వంతులకు సింధు నాగరకతలో పోలికలు కలవని వారు తెలిపిరి. సింధు లిపిని చదివిన వారికి పది లక్షల డాలర్ల బహుమానమును తమిళనాడు ముఖ్యమంత్రి ఆ సందర్భముననే ప్రకటించెను.

ఈ శ్రమను తక్కువ చేయరాదు. పెంకులు పదునైదు వేలు ఒక్కచోట వర్గీకరింపబడుట సామాన్యమైన పని కాదు. రాబోవు పరిశోధకులకు అది గట్టి పునాది. ఐనను 89కిని 90కిని నడుమ గడచిన అఱువదియైదేండ్లలో ఈ గుర్తులలో నొక్కదానినైన నలుగురు పండితులు సమ్మతించునట్లు చదువుట జరుగలేదు. కారణము స్పష్టము. కాల్చిన కుండపై ఇనుప మొనతో గీయువాడు వంపులు తిప్పజాలడు, మొన జాఱును. ఋజురేఖలే అతనికి సాధ్యములు. రెండు మూడు ఋజురేఖలతో ఏర్పడు ఆకారములు లోకమున ఎన్ని యుండును? కత్తెర, త్రికోణము, నిచ్చెన, బాణము, నక్షత్రము: ఇవి ప్రపంచములో ఏ మూలనైనను పుట్టును. ఓర్ఖోన్ స్తంభముల వృత్తాంతము ఇచట స్మరింప దగినది. పోలిక సంబంధమునకు అవకాశము చూపును, సంబంధమును నిరూపింపదు. సంబంధము నిరూపితమైనను అర్థము తేలదు. సింధు లిపియే ఇంతవఱకు చదువబడలేదు గదా! తెలియని దానితో తెలియని దానిని పోల్చి తెలిసికొనునది స్వల్పము.

కనుక అర్థమును కొంతకాలము ప్రక్కనుంచి ప్రయోజనమును విచారించుట మేలు. ఇందుకు మన గ్రామజీవితమే గొప్ప గ్రంథము. చాకలివారు ఏ యింటి బట్ట ఏదో గుర్తించుటకు నల్లజీడి రసముతో అంచున గుర్తు పెట్టుచుండిరి. ఆ గుర్తు ఏ భాషదియు కాదు; దానిని నోటితో చదువ నక్కఱలేదు; పెట్టినవానికి తెలిసిన చాలును. అక్షరము రాని రైతు పత్రముపై నిశాని పెట్టగా, కరణము దాని ప్రక్కన అది ఫలానా వాని నిశాని యని వ్రాయుచుండెను. కరణము వ్రాత చెరిగిపోయినచో ఆ గీత యెవరిదో చెప్పుట బ్రహ్మకైన తరము కాదు. కుండలపై గీతలును ఇట్టి స్వామ్య చిహ్నములై యుండునన్నది పలువురి మతము. కొంగుదేశపు కొడుమణల్ త్రవ్వకములలో తమిళ బ్రాహ్మిలో వ్రాసిన అక్షరములును ఇట్టి గీతలును ఒకే పెంకుపై నున్న ఉదాహరణములు దొరకుట ఈ మతమునకు బలము చేకూర్చుచున్నది. అక్షరము వచ్చిన తర్వాతను గుర్తు నశింపలేదు. రెండును కొంతకాలము కలసి కాపురము చేసినవి.

ఐతే సమాధిలో నుంచిన పాత్రకు సొత్తుదారు గుర్తెందులకను ప్రశ్న పుట్టును. దీనికొక ఊహ చెప్పవచ్చును. మన భాషలో అచ్చుపోసిన ఆబోతు అను జాతీయము కలదు. చనిపోయినవారి కొఱకు చేయు వృషోత్సర్జనమున కోడెదూడపై త్రిశూలమో చక్రమో కాల్చి ముద్రవేసి విడుతురు. సాధారణముగా పశువునకు వాత పెట్టుట ఇది నాదని చెప్పుటకు. ఇచటి ముద్ర మాత్రము ఇది ఇక ఎవరిదియు కాదని చెప్పుటకు. చేయు పని యొక్కటే, ప్రయోజనము తలక్రిందు. సమాధి పాత్రపై గీత కూడ ఒకప్పుడు స్వామ్యమును, మఱొకప్పుడు స్వామ్యత్యాగమును తెలుపుచుండవచ్చును. ఇది నిర్ణయము కాదు, ఊహయే. కాని ఒకే ఆకారమునకు ఒకే ప్రయోజనముండవలెనను నియమము లేదని చూపుటకు ఈ యుదాహరణము చాలును.

ఈ చిక్కును కొంతవఱకు విప్పగల సాధనము పెంకునందే కలదు. పచ్చికుండపై గీసిన గీత అంచులు మృదువుగా, ఒత్తిగిలి యుండును. అది కుమ్మరి చేతిది. కాల్చిన తర్వాత గీసినదాని అంచులు పెళుసుగా చెదరి యుండును. అది కొన్నవానిదియో, వాడినవానిదియో, సమాధిలో నుంచినవానిదియో కావలెను. మొదటిది వృత్తికి సంబంధించినది. రెండవది కుటుంబమునకో కులమునకో సంబంధించినది. ఒకే సమాధిలోని పలు పాత్రలపై ఒకే గుర్తున్నచో ఒక అర్థము, ఒకే గ్రామమునందు సమాధి కొక గుర్తున్నచో మఱొక అర్థము తోచును. పెంకును దొరకిన తావునుండి వేఱుచేసి, గుర్తును మాత్రము పట్టిక కెక్కించినచో ఈ సాక్ష్యమంతయు నశించును.

గుర్తు ప్రక్కన అక్షరమున్నప్పుడు అర్థమెంత సులభముగా తేలునో చూపుటకు కనకమ్మ సత్రమునకు పొరుగుననున్న తిరువాలంగాడే నిదర్శనము. 1905లో అచట రాజేంద్ర చోళుని తామ్రశాసనము దొరకినది. ముప్పదియొక్క రేకులు, వానిని కూర్చిన కడియముపై రాజముద్ర. ముద్రలో పులి, రెండు చేపలు, విల్లు, పైన గొడుగు, ప్రక్కల వింజామరలు. పులి చోళులది, చేపలు పాండ్యులవి, విల్లు చేరులది యని శాసనములును సాహిత్యమును తెలుపుచుండుటచే, మూడు రాజ్యములును చోళునివే యన్న ఘోషణము ఆ ముద్రలో మనకు వినబడుచున్నది. అదే కాలపు వేంగీ చాళుక్యుల ముద్రలపై వరాహమును, అంకుశమును, శ్రీ త్రిభువనాంకుశ యను అక్షరములును కలవు. బొమ్మ బిరుదమును చూపుచున్నది. బిరుదము బొమ్మను వివరించుచున్నది. ఈ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవియే రాజమహేంద్రిలో రాజరాజ నరేంద్రుని పట్టమహిషి యగుట తెలుగువారెఱిగినదే. ఆ అక్షరములును ఆ కావ్యములును లేక, పులి చేపలు విల్లు మాత్రమే దొరకియుండినచో, వేటగాండ్ర సంఘపు ముద్ర యని వ్రాయు పండితుడు తప్పక యుండెడివాడు.

ఇంత సూక్ష్మముగా విచారించుటకు కారణము కలదు. లాలు వ్యాసము వెలువడిన 1960వ సంవత్సరమున, ఏప్రిలు 1వ తేదీన, పటాస్కరు నిర్ణయము ననుసరించి తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మాఱినది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమున చేరినది. ఆ నాటి వాదప్రతివాదములలో జనసంఖ్య, వాడుకభాష, శాసనములు, గ్రామనామములు అన్నియు సాక్షులుగా నిలిచినవి. అట్టి సీమలో దొరకు ప్రతి పెంకును ఒక దస్తావేజుగా చూపి, ఇది మా లిపి, ఇది మా నేల యనుటకు ఇరువైపుల వారికిని ఆశ పుట్టుట సహజము. తమిళులు తమ పెంకులను శ్రద్ధతో సేకరించి ప్రకటించుచున్నందుకు అసూయ పడుట కంటె, రాయగిరి మౌలాలీ పాత్రలనుండి కృష్ణాతీరపు సమాధుల పెంకుల వఱకు తెలుగుదేశపు సామగ్రిని అంతే శ్రద్ధతో పట్టిక కెక్కించుట మనవారు చేయవలసిన పని. ఆ పట్టికలో ప్రతి గుర్తు నెదుట అది కాల్చకముందు గీసినదో, కాల్చినపిమ్మట గీసినదో, పాత్రలో ఏ భాగమున నున్నదో, ఆ పాత్ర ప్రక్కన ఏ వస్తువులు దొరకినవో వ్రాయవలెను.

ఈ పెంకులలో అధిక భాగము, తెలుగు పదము శాసనములలో తలయెత్తుటకు ముందటివి. అమరావతి శిలపై నాగబు అను మాటను తెలుగుమాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించెను. కడప మండలపు కలమళ్ల శాసనము ఆఱవ శతాబ్దపుది. వానికి కొన్ని వందల యేండ్ల ముందు కుశస్థలీ తీరమున కుండపై నిచ్చెన గీసిన మనిషి ఇంటిలో ఏ భాష మాటాడెనో ఆ నిచ్చెన చెప్పజాలదు. అతని కుండ ఏ కుమ్మరి వామునుండి వచ్చెనో, అట్టి గుర్తే ఎగువన చిత్తూరు సీమలోని సమాధులలో నున్నదో లేదో మాత్రము వెదకి తెలిసికొన వీలగును.